ఛాతీ లోపలికి దిగిన గాయం: నమోదు, కోడింగ్

స్మారకోపన్యాస పాఠం

ఛాతీ మీద తగిలిన గాయం చర్మం దగ్గరే ఆగిందా, పక్కటెముకల సందుగుండా లోపలికి దిగిందా అన్నది వైద్యుడికి మొదటి ప్రశ్న. మెడికల్ కోడర్‌కూ అదే మొదటి ప్రశ్న. చర్మం, కొవ్వు, కండరం, పక్కటెముకలు, వాటి మధ్య కండరాలు, ఆ వెనక ఊపిరితిత్తిని కప్పి ఉంచే ప్లూరా అనే పల్చటి పొర. ఈ వరుసలో కత్తిమొన ఎక్కడ ఆగిందో దాన్ని బట్టే గాయపడ్డ మనిషి కుట్లు వేయించుకుని సాయంత్రానికి ఇంటికి పోతాడా, ఛాతీలో గొట్టంతో వార్డులో పడుకుంటాడా, ఆపరేషన్ బల్ల ఎక్కుతాడా అన్నది తేలుతుంది. ప్లూరా చిరిగి గాలి చేరితే ఊపిరితిత్తి ముడుచుకుపోతుంది. అది న్యూమోథొరాక్స్. రక్తం చేరితే హీమోథొరాక్స్. గాయం రంధ్రం శ్వాసనాళం వ్యాసంలో దాదాపు మూడింట రెండు వంతులకు చేరితే, ఊపిరి తీసినప్పుడల్లా గాలి ముక్కులోంచి కాక గాయంలోంచే లోపలికి పోతుంది. అలాంటి రోగికి నిమిషాలే గడువు.

ఆ నిమిషాలు గడిచాక మిగిలేది కేస్ షీట్. ఏలూరు ప్రభుత్వ ఆసుపత్రి క్యాజువాల్టీలోనైనా, తాడేపల్లిగూడెం ఏరియా ఆసుపత్రిలోనైనా, కైకలూరు నుంచి లంక గ్రామాల రోగిని మోసుకొచ్చిన 108 వాహనంలోనైనా, ఆ గాయం గురించి రాసిన నాలుగు ముక్కలను తర్వాత నలుగురు చదువుతారు. పై ఆసుపత్రిలో చికిత్స కొనసాగించే వైద్యుడు ఒకరు. చికిత్స డబ్బు మంజూరు చేసే ఆరోగ్య పథకం లేదా బీమా అధికారి ఇంకొకరు. పోలీసు, ఆయన వెనక కోర్టు మూడోవారు. నాలుగోది గణాంకం. దానికి ముఖం ఉండదు గానీ, రేపు జిల్లాలో ఎన్ని అంబులెన్సులు, ఎన్ని ఛాతీ గొట్టాలు, ఎందరు సర్జన్లు కావాలో లెక్క కట్టేది అదే. ఈ నలుగురిలో ఒక్కరూ గాయాన్ని కళ్ళారా చూడరు. రాసింది చదువుతారు, రాయనిదాన్ని లేనట్టే లెక్కిస్తారు.

గాయాలకు అంకెలు ఇచ్చే పద్ధతి పాతదే. 1893లో షికాగోలో జాక్ బెర్తియోఁ ప్రతిపాదించిన మరణ కారణాల పట్టికే నేటి అంతర్జాతీయ వ్యాధి వర్గీకరణకు మూలం. 1948 నాటి ఆరో సవరణతో అది ప్రపంచ ఆరోగ్య సంస్థ చేతికి వచ్చి, మరణాలతో పాటు జబ్బులనూ గాయాలనూ లెక్కలోకి తెచ్చుకుంది. ఒకే గాయాన్ని రెండు వైపుల నుంచి, అంటే ఒంటికి ఏమైంది, దేనివల్ల అయింది అని విడివిడిగా నమోదు చేసే ఏర్పాటూ అప్పటిదే. 1990లో ఆమోదం పొందిన పదో సవరణ, అంటే ఐసీడీ-10, మన దేశంలో వాడుకలో ఉంది. ఆ పుస్తకంలో ఛాతీ తెరుచుకున్న గాయాలన్నీ ఎస్21 కింద ఉంటాయి. రొమ్ముకు ఎస్21.0, ఛాతీ ముందు గోడకు ఎస్21.1, వెనక గోడకు ఎస్21.2, ఒకటికి మించి ఉంటే ఎస్21.7, ఎక్కడో రాయకపోతే ఎస్21.9.

ఈ జాబితాలో ముందు, వెనక అన్న తేడా ఉంది గానీ పైన, లోపల అన్న తేడా లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పుస్తకంలో లోతు తెలియాలంటే ఎస్27 దగ్గరికి వెళ్ళాలి. దెబ్బవల్ల న్యూమోథొరాక్స్ అయితే ఎస్27.0, హీమోథొరాక్స్ అయితే ఎస్27.1, రెండూ కలిస్తే ఎస్27.2. వీటి చివర ఐచ్ఛికంగా ఇంకో అంకె చేర్చవచ్చు. ఛాతీ కుహరంలోకి తెరుచుకున్న గాయం లేకపోతే 0, ఉంటే 1. ఐచ్ఛికం కాబట్టి ఆ చివరి అంకె రాసేవారు తక్కువ. ఆసుపత్రి నెలవారీ నివేదికలో ఎస్21.1 మాత్రమే చేరితే, కొడవలి గీరుకుని మూడు కుట్లు పడ్డ రైతూ, ఊపిరితిత్తి చిల్లు పడ్డ రైతూ ఒకే వరుసలో నిలబడతారు.

అమెరికా తన ఆసుపత్రుల కోసం తయారు చేసుకుని 2015 అక్టోబరు 1 నుంచి వాడుతున్న విస్తృత రూపం ఈ లోటును పూడ్చింది. అక్కడ ఎస్21.1 అంటే ముందు గోడ గాయం, లోపలికి దిగనిది. ఎస్21.3 అంటే ముందు గోడ గాయం, లోపలికి దిగినది. వెనక గోడకు ఇలాగే ఎస్21.2, ఎస్21.4. తర్వాతి అంకె గాయం రకాన్ని చెబుతుంది. తెగిన గాయమా, గుచ్చుకున్న గాయమా, కరిచినదా, లోపల ఏదైనా ఉండిపోయిందా అన్నది అక్కడ తేలుతుంది. ఆ తర్వాతిది కుడి ఎడమలు. చివర ఒక అక్షరం. చురుకైన చికిత్స నడుస్తుంటే ఎ, మానే దశలో డి, మానాక మిగిలిన బాధకు ఎస్.

ఈ విస్తృత రూపం తెలుగువారికి పరాయిది కాదు. బీఎస్సీ, బీఫార్మసీ, ఫిజియోథెరపీ చదివిన వేలమంది యువతీయువకులు అమీర్‌పేటలో శిక్షణ తీసుకుని, సీపీసీ (సర్టిఫైడ్ ప్రొఫెషనల్ కోడర్) పరీక్ష రాసి, హైదరాబాదులో కూర్చుని అమెరికా ఆసుపత్రుల కేస్ షీట్లు చదువుతున్నారు. వారిలో ఏలూరు, తాడేపల్లిగూడెం కళాశాలల పట్టభద్రులు తక్కువేమీ కాదు. ఎక్కడో అమెరికా నగరంలో రాత్రి కత్తిపోటుకు గురైన మనిషి గాయానికి తెల్లారేసరికి అంకె వేసేది గోదావరి, కొల్లేరు సీమల్లో పుట్టిన పిల్ల కావచ్చు. ఆ ఉద్యోగంలో మొదటి రోజు నేర్పే నియమం ఒక్కటే: ఊహించకూడదు. ఎక్స్‌రే చూసి కోడరే నిర్ణయానికి రాకూడదు. వైద్యుడు రాయాలి. రాయకపోతే ప్రశ్న పంపి జవాబు తెప్పించుకోవాలి. జవాబు రాకపోతే నియమం ప్రకారం పోవాలి.

ఆ నియమం ఎటు మొగ్గుతుందో గమనించాలి. గాయం లోపలికి దిగిందని రాయకపోతే కోడింగ్ సూచిక కోడర్‌ను దిగని గాయం దగ్గరికే తీసుకుపోతుంది. పక్కటెముక విరుపు తెరుచుకున్నదో మూసుకున్నదో చెప్పకపోతే మూసుకున్నట్టే. ఎవరైనా పొడిచారా, ప్రమాదమా అన్న ఊసు లేకపోతే ప్రమాదమే. మూడు చోట్లా కాగితం మీది మౌనం తేలిక వైపే పడుతుంది. ఎంత పెద్ద గాయానికైనా, రాతలో కొంత ఎగిరిపోతే, దక్కేది చిన్న గాయం అంకె. ఇది నియమంలో లోపం కాదు. చూడనిదాన్ని ఉందని చెప్పడం కంటే లేదని చెప్పడం మేలని చేసుకున్న ఏర్పాటు. బాధ్యత మొత్తం రాసేవారి మీద పెట్టిన ఏర్పాటు కూడా.

ఒక నమూనా చూస్తే విషయం విడమరిచినట్టు ఉంటుంది. ఒక వైద్యుడు ఇలా రాశాడనుకోవాలి: ‘ఎడమ ఛాతీ మీద కత్తి గాయం, 3×1 సెం.మీ., కుట్లు వేశాం.’ దీనికి అమెరికా పద్ధతిలో వచ్చే అంకె ఎస్21.112ఎ. అదే గాయాన్ని ఇంకొకరు ఇలా రాశారు: ‘ఛాతీ ముందు ఎడమవైపు, మధ్యరేఖకు 6 సెం.మీ. పక్కన, చనుమొన మట్టానికి 3 సెం.మీ. దిగువన, అడ్డంగా 3 సెం.మీ. పొడవు, 0.8 సెం.మీ. వెడల్పు. అంచులు నున్నగా తెగాయి. లోపలి కొన వాడిగా, బయటి కొన మొద్దుగా ఉంది. ఊపిరి తీస్తుంటే గాయంలోంచి గాలి చప్పుడు వినిపిస్తోంది. లోతు కొలవలేదు. ఎక్స్‌రేలో ఎడమ పక్క గాలి, రక్తం రెండూ ఉన్నాయి. ఛాతీ కుహరంలోకి దిగిన గాయం.’ ఇప్పుడు అంకె ఎస్21.312ఎ, దాని పక్కన ఎస్27.2. రెండు రాతలకూ గాయం కోడ్‌లో తేడా ఒక్క అంకె, 1 బదులు 3. కానీ ఆ 3 వెనక ఛాతీ గొట్టం ఉంది, ఐసీయూ ఉంది, రోగి ప్రాణం మీదికి వచ్చిన సంగతి ఉంది.

రెండో నమూనాలో ‘లోతు కొలవలేదు’ అన్న మాటను లోపంగా చూడకూడదు, అది ఉండవలసిన మాట. ఛాతీ గాయంలో వేలు పెట్టి గానీ, ప్రోబ్ పెట్టి గానీ లోతు చూడడం తప్పు. అప్పటిదాకా నిలిచి ఉన్న పొర ఆ పరీక్షతోనే చిరగవచ్చు, గడ్డకట్టిన రక్తం కదిలి మళ్ళీ కారవచ్చు. లోతు తేలాల్సింది ఎక్స్‌రేతో, అల్ట్రాసౌండ్‌తో, సీటీ స్కాన్‌తో, లేదా ఆపరేషన్ బల్ల మీద. ఇక్కడే మన ఆసుపత్రుల్లో ఒక చిక్కు వస్తుంది. మెడికో లీగల్ కేసుకు ఇచ్చే గాయాల సర్టిఫికెట్‌లో పొడవు, వెడల్పు, లోతు అని మూడు కొలతలు నింపడం ఆనవాయితీ. గడి ఖాళీగా ఉంటే పోలీసులు అడుగుతారు, రేపు బోనులో న్యాయవాది అడుగుతాడు. దాంతో కొత్తగా చేరిన వైద్యాధికారి ఏదో ఒక అంకె వేయడానికి మొగ్గుతాడు. ఊహతో వేసిన ఆ అంకె కంటే ‘ప్రోబ్ చేయలేదు, స్కాన్ నివేదిక వచ్చాక తెలుపుతాం’ అన్న వాక్యం వైద్యపరంగానూ చట్టపరంగానూ గట్టిది. అభిప్రాయాన్ని ఆపి ఉంచే హక్కు వైద్యుడికి ఉంది. కొత్త వైద్యులకు ఈ సంగతి అందరికంటే ముందు చెప్పాలి.

గాయం చోటు రాయడంలోనూ అంతే పట్టింపు ఉండాలి. ‘ఛాతీ కింది భాగం’ అన్న మాట ఎవరికీ ఉపయోగపడదు. ఊపిరి పూర్తిగా వదిలినప్పుడు ఉదర వితానం, అంటే డయాఫ్రమ్, నాలుగో పక్కటెముక సందు దాకా లేస్తుంది. అది పురుషుల్లో సుమారుగా చనుమొన మట్టం. ఆ మట్టానికి కింద పడ్డ పోటు ఛాతీని దాటి కాలేయానికో, ప్లీహానికో, కడుపుకో తగిలి ఉండవచ్చు. కంఠం గుంట నుంచి రొమ్ము ఎముక కొస దాకా, రెండు చనుమొనల మధ్యన పడ్డ గాయమైతే గుండెను అనుమానించాలి. గుండెకు తగిలితే ఎస్26, డయాఫ్రమ్‌కు ఎస్27.8. అందుకే మధ్యరేఖ నుంచి ఎంత దూరం, చనుమొనకు పైనా కిందా, చంక మధ్యరేఖకు ముందా వెనకా అన్న మూడు ముక్కలూ ఉండాలి. ఒక చిన్న బొమ్మ గీసి గుర్తు పెడితే ఇంకా మేలు. ఇంత చవకైన పద్ధతిని మన కేస్ షీట్లలో ఇంత తక్కువగా వాడడం విచారకరం.

గాయం రకం విషయంలో ఆసుపత్రి భాషకూ కోర్టు భాషకూ పొత్తు కుదరదు. అమెరికా వైద్యుడు కత్తితో తెగినదాన్ని కూడా లాసరేషన్ అంటాడు, కోడింగ్ సూచికా ఒప్పుకుంటుంది. మన ఫోరెన్సిక్ శాస్త్రంలో లాసరేషన్ అంటే కర్రో, రాయో, వాహనమో బలంగా తగిలి చర్మం చిట్లడం. వాడి ఆయుధం కోస్తే ఇన్‌సైజ్డ్, గుచ్చితే స్టాబ్. సాక్షి కత్తితో పొడిచారని చెప్పి, సర్టిఫికెట్‌లో లాసరేషన్ అని ఉంటే, ముద్దాయి తరఫు న్యాయవాదికి అంతకంటే కావలసింది లేదు. అమెరికా షీట్లు చదివి చదివి ఆ పదం అలవాటైన కోడర్లు ఇక్కడి ఆసుపత్రుల్లో రికార్డు విభాగంలో చేరినప్పుడు ఈ తేడాను వేరుగా నేర్చుకోవాలి.

చట్టం దగ్గర లోతుకు ఉన్న విలువ ఇంకా ఎక్కువ. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 116వ సెక్షన్ తీవ్ర గాయం అంటే ఏమిటో ఎనిమిది రకాలుగా చెబుతుంది. ఎనిమిదోది, ప్రాణానికి ముప్పు తెచ్చే గాయం, లేదా 15 రోజులు తీవ్ర బాధతో ఉంచే గాయం, లేదా అన్ని రోజులు మామూలు పనులు చేసుకోనివ్వని గాయం. పాత శిక్షాస్మృతిలో ఈ గడువు 20 రోజులు. ప్రమాదకర ఆయుధంతో మామూలు గాయం చేస్తే 118వ సెక్షన్ మొదటి భాగం కింద మూడేళ్ళ దాకా శిక్ష. తీవ్ర గాయమైతే రెండో భాగం కింద ఏడాదికి తగ్గకుండా పదేళ్ళ దాకా, లేదా యావజ్జీవం. ఛాతీ కుహరంలోకి దిగిన గాయం ప్రాణానికి ముప్పు తెచ్చేదే. ఆ సంగతి కాగితం మీద లేకపోతే కేసు మొదటి భాగం దగ్గరే ఆగిపోవచ్చు.

ఇక గాయం ఎలా అయిందన్నది. ఇక్కడ కొల్లేటి సీమ కోడర్‌కు పరీక్ష పెడుతుంది. సంక్రాంతి కోడిపందేల బరుల్లో పుంజు కాలికి కట్టే సుమారు మూడంగుళాల కత్తి ఎగిరి మనిషికి తగలడం ఈ ప్రాంతం ఎరిగిన విషయమే. 2020 సంక్రాంతికి చింతలపూడి మండలం ప్రగడవరంలో అలా ఒకరు చనిపోయారు. ఇలాంటి దెబ్బలు ఎక్కువగా కాళ్ళకూ చేతులకూ తగులుతాయి. కింద కూర్చుని కత్తి కట్టేవారికీ, పుంజును ఒడిసిపట్టేవారికీ ఛాతీ కూడా ఆ ఎత్తుకే వస్తుంది. దీన్ని పక్షి దెబ్బగా లెక్కించాలా, కత్తి దెబ్బగానా? అమెరికా జాబితాలో కోడి తగలడానికి డబ్ల్యూ61.32 అని వేరే అంకె ఉంది, కత్తికి డబ్ల్యూ26.0 ఉంది. గాయాన్ని చేసింది కత్తి కాబట్టి కత్తికే మొదటి చోటు ఇవ్వడం సబబు. కోడిని పక్కన రెండో అంకెగా చేర్చవచ్చు. కోడి ఊసే లేకుండా కత్తి ఒక్కటే రాస్తే మాత్రం ఏటా జనవరిలో పెరిగే ఈ దెబ్బలు వంటింటి కత్తుల లెక్కలో కలిసిపోతాయి.

తాటిచెట్టు మీంచి పడ్డ గీత కార్మికుడి ఛాతీలో తన మొలలోని కత్తే దిగితే, మొదలైన సంఘటన చెట్టు మీంచి పడడం. కాబట్టి ముందు డబ్ల్యూ14. పెదవేగి చుట్టుపక్కల ఆయిల్‌పామ్ తోటల్లో పొడవాటి గడకు కట్టిన కొడవలితో గెలలు కోస్తారు. కింద నిలబడ్డ మనిషికి అది తగిలితే చేతి పనిముట్ల వర్గం డబ్ల్యూ27. ఎద్దు కుమ్మితే డబ్ల్యూ55. కూలీలను ఎక్కించుకున్న ఆటోను చేపల లారీ ఢీకొని ఇనుప ఊచ ఛాతీలో దిగితే, ఊచను చూసి కాక వాహనాన్ని చూసి అంకె వేయాలి. మూడు చక్రాల మోటారు వాహన ప్రయాణికులకు వి30 నుంచి వి39 దాకా వేరే వర్గమే ఉంది. పశ్చిమ దేశాల్లో అరుదుగా తెరిచే ఆ పేజీ మన దగ్గర రోజూ తెరవాల్సినది.

స్థలానికి ఒక అంకె ఉంటుంది. ఇల్లు 0, వీధి, రహదారి 4, పొలం 7. సరస్సు, చిత్తడి నేల, చెరువు, కాలువ, నది, రైలు మార్గం, ఇవన్నీ ‘ఇతర చోట్లు’ అన్న 8లోనే. అంటే కొల్లేరు నడిమధ్యన లంకలో జరిగినా, ఏలూరు కాలువ గట్టున జరిగినా, తాడేపల్లిగూడెం రైలు పట్టాల మీద జరిగినా ఒకటే అంకె. ఒకప్పటి వరిచేను ఇప్పుడు చేపల చెరువు. అక్కడ ఏరియేటర్ రెక్క తగిలి గాయపడ్డవాడిది 7వ చోటా, 8వ చోటా అన్న వాదన తెగేది కాదు. దీనికి విరుగుడు పక్కనే ఉంది. అప్పుడు ఏం చేస్తున్నాడు అన్నదానికి ఇంకో అంకె వేయవచ్చు. సంపాదన కోసం పని చేస్తుంటే 2. చెరువును ఏ గడిలో వేసినా ఆ 2 ఉంటే అది కూలి పనిలో తగిలిన దెబ్బ అని తెలుస్తుంది. చెరువుల మీద బతికే ఈ ప్రాంతంలో ఆ ఒక్క అంకెకు ఉన్న విలువ ఇంకే అంకెకూ లేదు.

రోగి చెప్పినదంతా నిజం కాకపోవచ్చు. బరి దగ్గర దెబ్బ తిన్నవాడు కేసుకు భయపడి కొడవలి మీద పడ్డానంటాడు. అన్నదమ్ముల తగాదాలో పోటు తిన్నవాడు గాజు పెంకు గుచ్చుకుందంటాడు. వైద్యుడి పని నిజం తేల్చడం కాదు. ఎవరు తీసుకొచ్చారు, ఎన్ని గంటలకు, ఎవరు ఏమన్నారు అన్నది వారి మాటల్లోనే, ‘చెప్పినదాని ప్రకారం’ అని రాసి, గాయం రూపం ఆ మాటకు పొసగుతోందో లేదో విడిగా రాయాలి. ఉద్దేశం తేలదని వైద్యుడే రాస్తే తేలని వర్గం, వాడి వస్తువుకైతే వై28, ఉంది. దాన్ని బద్ధకానికి వాడకూడదు, వాడాల్సిన చోట వెనకాడకూడదు.

తెలిసినంతే రాయడానికి ఏలూరు ఒకసారి దేశమంతా చూసిన ఉదాహరణ ఇచ్చింది. 2020 డిసెంబరు తొలివారంలో పట్టణంలో జనం ఉన్నట్టుండి ఫిట్స్ వచ్చి పడిపోయారు. కొద్దిరోజుల్లో ఆరు వందల మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. కారణం ఏమిటో ఎవరికీ తెలియని ఆ రోజుల్లో సరైన నమోదు లక్షణానిదే. మూర్ఛలకు ఆర్56.8, వయసు, వీధి, తాగిన నీళ్ళు, మొదలైన గంట. తర్వాత ఎయిమ్స్ పరీక్షల్లో రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి, పురుగుమందుల అవశేషాల మీద కూడా పరిశోధన సాగింది. ఛాతీ గాయానికి మొదటి గంటలో ఇదే వర్తిస్తుంది. ‘లోపలికి దిగి ఉండవచ్చు’ అన్న అనుమానాన్ని అమెరికా నియమాల ప్రకారం అవుట్‌పేషెంటు షీటులో అంకెగా మార్చకూడదు. అనుమానాన్ని అనుమానంగానే రాసి, స్కాన్ వచ్చాక తేదీ, సమయం వేసి తేల్చి రాయాలి. ఆ రెండో వాక్యం రాయడమే చాలాచోట్ల మరిచిపోతారు.

ఛాతీ గొట్టం వేసినప్పుడు మొదట వచ్చిన రక్తం ఎంత, ఆ తర్వాత గంటగంటకూ ఎంత అన్నది నర్సు చార్టులో ఉండాలి. మొదటే 1500 మిల్లీలీటర్లు దాటినా, ఆ తర్వాత రెండు నుంచి నాలుగు గంటలపాటు గంటకు 200 మిల్లీలీటర్ల చొప్పున వస్తూనే ఉన్నా ఛాతీ తెరవాల్సిన పరిస్థితి. ఆపరేషన్ ఎందుకు చేశారని రేపు పథకం వారు అడిగితే జవాబు చెప్పేది ఆ చార్టే. ‘ఐసీడీ పెట్టాం’ అని పొట్టిగా రాయడం మన వార్డుల్లో మామూలు. ఛాతీ గొట్టానికీ, గుండెలో అమర్చే యంత్రానికీ, వ్యాధి వర్గీకరణకూ అవే మూడు అక్షరాలు. పూర్తిగా రాస్తే పోయేది రెండు సెకన్లు.

108 సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలై పల్లెలకు పాకింది. దారిలో ఆక్సిజన్ ఎప్పుడు పెట్టారు, గాయానికి ఎలాంటి కట్టు కట్టారు, నాడి ఎంత ఉంది అన్నది సిబ్బంది రాస్తారు. ఆ కాగితం క్యాజువాల్టీ బల్ల మీదే ఉండిపోతే కేస్ షీటులో మొదటి గంట మాయమవుతుంది. దాన్ని కేస్ షీటుకు కుట్టాలి. కైకలూరులో కట్టు కట్టి ఏలూరుకు, అక్కడి నుంచి విజయవాడకు పంపితే మూడు చోట్లా చివరి అక్షరం ఎ నే, ఎందుకంటే చురుకైన చికిత్స ఇంకా ముగియలేదు. ఎ అంటే మొదటిసారి చూడడం అనుకోవడం కొత్త కోడర్లు తరచూ చేసే తప్పు. ముందుగా పోలీసు కాగితం తెమ్మని చెప్పి చికిత్స ఆపకూడదని 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి మెడికో లీగల్ నమోదు చికిత్స వెనక నడవాలి, ముందు కాదు.

చేసిన పనికి ఇచ్చే అంకెలు వేరు. అమెరికా సీపీటీ పుస్తకంలో ఛాతీ గొట్టం 32551, లోపలికి దిగిన గాయాన్ని వెడల్పు చేసి వెతికి చూడడం 20101, రక్తస్రావం ఆపడానికి ఛాతీ తెరవడం 32110. తెరిచిన తర్వాత వెతకడానికి విడిగా అంకె వేయకూడదు. పైపైన కుట్లకు 2.5 సెం.మీ. దాకా 12001, 2.6 నుంచి 7.5 దాకా 12002. టేపు పెట్టకుండా ‘చిన్న గాయం’ అని రాసిన వైద్యుడు అన్నిటికంటే చిన్న అంకెకే ఒప్పుకున్నట్టు. మన రాష్ట్రంలో 2007 ఏప్రిల్ 1న మూడు జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీ, ఇప్పటి ఎన్టీఆర్ వైద్యసేవ, తన సొంత ప్యాకేజీలతో నడుస్తుంది. అక్కడ చికిత్సకు ముందటి అనుమతికీ, తర్వాతి చెల్లింపుకీ ఎక్స్‌రే, ఆపరేషన్ నోటు, డిశ్చార్జి సమ్మరీ ఒకదానితో ఒకటి పొసగాలి. ఒకదానిలో కుడి, ఇంకోదానిలో ఎడమ అని ఉంటే కేసు వెనక్కి వస్తుంది. ఆ ఆలస్యం భారం రోగి కుటుంబానిదే.

కొల్లేటి నీళ్ళు తాకిన గాయం మరో శ్రద్ధ కోరుతుంది. మంచినీటి సరస్సుల్లో, చేపల చెరువుల్లో ఏరోమోనాస్ వంటి సూక్ష్మజీవులు ఉంటాయి. అవి పుండును గంటల్లోనే పాడు చేయగలవు. గాయం నీళ్ళలో నానిందా, ఏ నీళ్ళు, ఎంతసేపు, ధనుర్వాతం ఇంజెక్షన్ ఎప్పుడు వేశారు, ఏ యాంటీబయాటిక్ ఎన్ని గంటలకు మొదలుపెట్టారు అన్నది మొదటి పేజీలోనే ఉండాలి. తర్వాత చీము పడితే టీ79.3, ఛాతీ లోపల చీము చేరితే జె86. గాయం అప్పుడే మురికి నీటిలో నానిందని రాసి లేకపోతే ఆ చీము ఆసుపత్రి మీదికి వస్తుంది.

మనిషి దక్కకపోతే వర్గీకరణ తలకిందులవుతుంది. మరణ గణాంకంలో మూల కారణం ఎస్21 కాదు, దాని వెనక ఉన్న సంఘటన. వాడి ఆయుధంతో దాడి ఎక్స్99, చెట్టు మీంచి పడడం డబ్ల్యూ14. జనన మరణాల నమోదు చట్టం, 1969 కింద ఆసుపత్రి ఇచ్చే మరణ కారణ పత్రంలో పై వరుసలో తక్షణ కారణం, దాని కింద దానికి దారితీసినది, అట్టడుగున మొదలు. ‘గుండె ఆగిపోయింది’ అని ఒక్క ముక్క రాసి సంతకం పెడితే ఆ మరణం గాయాల లెక్కలోకే రాదు. మరణించిన ప్రతివాడి గుండే ఆగుతుంది. ఆ వాక్యం ఎవరి గురించీ ఏమీ చెప్పదు.

ఏళ్ళ తరబడి లెక్కలు పోల్చేవారికి ఈ ప్రాంతంలో ఇంకో సంగతి తెలిసి ఉండాలి. 2022 ఏప్రిల్ 4న ఏలూరు జిల్లా ఏర్పడేదాకా కొల్లేరు రెండు జిల్లాల మధ్య ఉంది. కైకలూరు, మండవల్లి వైపు కృష్ణా జిల్లా, ఏలూరు వైపు పశ్చిమ గోదావరి. ఇప్పుడు ఆ రెండు వైపులూ ఏలూరు జిల్లాలో ఉన్నాయి. తాడేపల్లిగూడెం మాత్రం పశ్చిమ గోదావరిలోనే ఉండిపోయింది, జిల్లా కేంద్రం భీమవరానికి మారింది. జిల్లా పేరు మాత్రమే పట్టుకుని పాత రికార్డులు చూస్తే సరస్సు చుట్టూ గాయాలు ఒక్కసారిగా పెరిగినట్టో తగ్గినట్టో కనిపిస్తాయి. గ్రామం, మండలం పేర్లు రాసి ఉంటేనే ఆ లెక్క నిలుస్తుంది.

రాసినదాన్ని దిద్దడానికీ పద్ధతి ఉంది. తెల్లరంగు పూయడం, పేజీ మార్చడం కూడదు. తప్పు మాట చదవడానికి వీలుగా ఒక్క గీత గీసి, పక్కన సరైనది రాసి, సంతకం, తేదీ, సమయం వేయాలి. ఆలస్యంగా గుర్తొచ్చినదాన్ని ‘ఆలస్యపు నమోదు’ అని పేరు పెట్టి అప్పటి సమయంతోనే రాయాలి. దుస్తుల మీద కత్తి చేసిన చిల్లును కత్తిరించకుండా పక్కగా కోసి, గాయంలో దొరికిన మొన ముక్కతో సహా సీలు వేసి, రసీదు తీసుకుని పోలీసులకు ఇవ్వాలి. ఆ రసీదు కేస్ షీటులోనే ఉండాలి. 2002 నాటి వైద్య మండలి నిబంధనల ప్రకారం ఇన్‌పేషెంటు రికార్డును చికిత్స మొదలైన నాటి నుంచి మూడేళ్ళు ఉంచాలి, రోగి గానీ అధికారులు గానీ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. మెడికో లీగల్ రికార్డుకు మూడేళ్ళు చాలవు, కేసు కింది కోర్టులోనూ అప్పీళ్ళలోనూ తేలేదాకా ఎక్స్‌రే ఫిల్ములతో సహా విడిగా భద్రపరచాలి.